వెంకటప్పయ్య గారి చేపల తొట్టి

జకర్యాకు నిలకడ లేదని అశ్వారావుపేటలో అందరికీ తెలుసు. టీకొట్టు బల్ల మీద కూర్చుంటే కాలు ఊపుతాడు. కాలు ఊపడం ఆపితే జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి అరచేతిలో కొట్టుకుంటాడు. అదీ విసుగొస్తే టీ సగంలో వదిలేసి ఎటో నడక మొదలుపెడతాడు. మనిషి తీరే అంత అని ఊరు సరిపెట్టుకుంది గానీ, ఈ ఏడాదిగా అది మరీ ముదిరింది. చర్చిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేవాడు కాస్తా మధ్య బెంచీకి జరిగాడు, అక్కణ్ణుంచి ఏకంగా ముందు వరసలో చాప మీద కూర్చునే ముసలమ్మల పక్కకు చేరాడు. భక్తి పెరిగిందని కొందరు సంతోషించారు కూడా.

అసలు సంగతేమిటంటే, పాస్టరు గారు గొణుగుతున్నారు. ఆయనొక్కరేనా? బస్సు కండక్టరు గొణుగుతున్నాడు, కిరాణా కొట్టాయన గొణుగుతున్నాడు, చివరికి భార్య మరియ కూడా పొయ్యి ముందు కూర్చుని గొణుగుతోంది. ఊరు ఊరంతా కూడబలుక్కుని గొంతు తగ్గించుకున్నట్టు తోచి జకర్యాకు ఒళ్ళు మండిపోయేది. తన చెవుల మీద మాత్రం అతనికి అనుమానం రాలేదు. రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చిన ప్రతిసారీ లేచి నడిచేవాడు.

ఆ నడకకు కారణం లేకపోలేదు. జకర్యా మోటారు మెకానిక్కు. దమ్మపేట పక్క పల్లెలో పుట్టి, డెబ్బైల్లో సత్తుపల్లి పోయి ఇన్నయ్య అనే ఇంజను మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. కోస్తా నుంచి వచ్చిన రైతులు వాగుల ఒడ్డున భూములు కొని ఆయిలింజన్లు పెట్టుకుంటున్న రోజులవి. రేకుల షెడ్డులో ఇంజను డబడబమని మోగుతుంటే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా దాని పక్కనే పని. తర్వాత కరెంటు మోటార్లొచ్చాయి. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఇన్నయ్య నేర్పిన పద్ధతి ఒకటుంది. స్క్రూడ్రైవరు మొన మోటారు ఒంటికి ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి, కళ్ళు మూసుకోవాలి. బేరింగు అరిగితే ఒక రకంగా, బుష్ పోతే ఒక రకంగా, షాఫ్టు వంగితే మరో రకంగా ఆ అదురు పళ్ళలోంచి తలలోకి ఎక్కుతుంది. దాన్ని పోల్చుకున్నవాడే మెకానిక్కు. దీంతోపాటు మరో సంగతి కూడా ఇన్నయ్య గట్టిగా నేర్పాడు. మోటారుకు ఏమైందని రైతును అడగకూడదు. అడిగితే మెకానిక్కుకు విలువుండదు. వచ్చామా, పళ్ళకు పట్టామా, రైతు నోరు తెరవకముందే రోగం పేరు చెప్పామా, అంతే. ఈ చుట్టుపక్కల మేస్త్రీలందరూ ఇన్నయ్య చేతికింద తయారైనవాళ్ళే కాబట్టి ఇది అందరికీ కట్టుబాటైపోయింది. జకర్యా ఆ కట్టుబాటును ఎప్పుడూ తప్పలేదు. గట్టు మీద నిలబడి మాట్లాడబోయే రైతును చెయ్యెత్తి ఆపి మరీ చెప్పేవాడు. "జకర్యా చెవి" అని రైతులు మెచ్చుకునేవాళ్ళు. నిజానికి అది చెవి కాదు, పళ్ళు. ఆ తేడా ఎవరికీ పట్టలేదు, జకర్యాతో సహా.

తొంభై నాలుగు వేసవిలో అతనికి ఒక అవకాశం వచ్చింది. పామాయిల్ తోటలు వేసిన రైతులు పన్నెండు మంది ఒకచోట కూడి, తోటల మోటార్లన్నీ ఏడాది పొడుగునా ఒక్క మెకానిక్కుకే అప్పజెప్పాలని అనుకున్నారు. ఎండాకాలంలో మోటారు ఆగితే మేస్త్రీని వెతికి తెచ్చేసరికి మొక్కలు వాడిపోతున్నాయి మరి. ఎవరికివ్వాలో ఆదివారం తేలుస్తామన్నారు. పోటీకి సత్తుపల్లి నుంచి ఒక కుర్ర మెకానిక్కు ఉన్నాడు. వాడికి మోటారు సైకిలుంది, మీటరుంది, చేతిలో ఐటిఐ కాగితముంది. జకర్యాకు సైకిలుంది, యాభై మూడేళ్ళ మోకాళ్ళున్నాయి. ఈ తోటలు దక్కితే బతుకు ఒక గట్టున పడుతుంది. దక్కకపోతే మిగిలిన బేరాలు కూడా ఆ కుర్రాడి వెనకే పోతాయి. ఆ లెక్క జకర్యాకు బాగా తెలుసు.

పన్నెండు మందిలోనూ మాట చెల్లేది వెంకటప్పయ్యకు. బుధవారం పొద్దున్నే ఆయన తోట కాపలాదారు పోతయ్య సైకిలు మీద వచ్చి దిగాడు.

"అయ్యగారు రమ్మన్నరు జకర్యా. చేపల మోటారు లొల్లి చేస్తుందట."

"చేపలకు మోటారేంది?"

"నాకేం ఎరుక? జల్దీ రమ్మన్నరు."

వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి పాతికేళ్ళ క్రితం వచ్చి స్థిరపడిన రైతు. మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మధ్య బీపీ పెరిగితే బెజవాడలో డాక్టరు మందులు రాసిచ్చి, ఇంట్లో చేపల తొట్టి పెట్టుకుని రోజూ కాసేపు వాటిని చూస్తూ కూర్చోమన్నాడు. ఆయన అక్కడికక్కడే తొట్టి కొని, ఒళ్ళో పెట్టుకున్నంత జాగ్రత్తగా కారులో తెచ్చుకున్నాడు. నెల రోజులు హాయిగా ఉంది. ఆ తర్వాత చప్పుడు మొదలైంది. బీపీ తగ్గాలని తెచ్చిన చేపల వల్ల బీపీ పెరగడం మొదలైంది.

జకర్యా వెళ్ళేసరికి ఆయన హాల్లో పడక్కుర్చీలో కూర్చుని తొట్టి వైపు గుర్రుగా చూస్తున్నాడు. నాలుగడుగుల గాజు తొట్టి, అడుగున రంగురాళ్ళు, ఆరు బంగారు రంగు చేపలు. పక్కన బల్ల మీద సబ్బుపెట్టెంత మోటారు. అది ఊదే గాలి సన్నటి ప్లాస్టిక్ ట్యూబులోంచి నీళ్ళలోకి పోయి, దూది కుక్కిన ఫిల్టరు డబ్బాలోంచి బుడగలై పైకొస్తుంది. బుడగలతోపాటు మురికి నీళ్ళు దూదిలో వడకట్టుకుంటాయి. ట్యూబు దారిలో ఒకచోట రెండుగా చీలి, రెండో పాయ నీళ్ళలో పెట్టిన ఒక బొమ్మ కిందికి పోయింది. పని మొత్తం ఒక్క చూపులో జకర్యాకు అర్థమైంది. ఇదీ మోటారే, మరీ చిన్నది, అంతే కదా అనుకున్నాడు.

"వింటున్నావుగా?" అన్నాడు వెంకటప్పయ్య. "పది రోజుల నుంచి ఇదే రొద. చెవిలో జోరీగ దూరినట్టుంది."

వెంకటప్పయ్య భార్య సుశీలమ్మ వంటింటి గుమ్మంలోంచి, "నాకైతే తలనొప్పి వచ్చేస్తోందయ్యా" అంది.

జకర్యాకు ఏమీ వినపడలేదు.

తల కాస్త వంచాడు. ఇంకాస్త వంచాడు. పైన ఫ్యాను తిరుగుతున్న హోరు, బయట ట్రాక్టరు పోతున్న మోత తెలుస్తున్నాయి. తొట్టి మాత్రం చేపలంత మౌనంగా ఉంది. హాల్లో ఇద్దరు మనుషులు ఒకే చప్పుడుకు మొహం చిట్లించుకుని తన వైపు చూస్తున్నారు, ఆ చప్పుడు తన కోసం మాత్రం లేదు. ఏం చేయాలో తోచక, తల గంభీరంగా ఊపాడు.

"అవ్ అయ్యా. బాగనే ఉంది లొల్లి."

ఆ ఒక్క అబద్ధం ఆడాక ఇక వెనక్కి తిరగడానికి దారి లేకపోయింది. స్క్రూడ్రైవరు తీసి మోటారుకు ఆనించి, పిడి కరిచి కళ్ళు మూసుకున్నాడు. పళ్ళలో గుయ్యిమని అదురు తగిలింది. అమ్మయ్య అనుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. "లోపల రబ్బరు కప్పు గట్టిపడ్డది. ఒక మర కూడ వదులైంది" అని అప్పటికప్పుడు రోగం చెప్పాడు. చెప్పినట్టే ఉంది లోపల. మర బిగించాడు, రబ్బరును కొబ్బరినూనెతో మెత్తబరిచాడు, మోటారు కింద మందంగా స్పాంజి ముక్క పెట్టాడు. మళ్ళీ పళ్ళకు పట్టి చూస్తే అదురు సగానికి సగం పోయింది.

"అయిపోయిందయ్యా" అని లేచాడు.

"ఏంటి అయిపోయింది?" అన్నాడు వెంకటప్పయ్య. "అదిగో, అలాగే ఉంటేనూ!"

జకర్యా ఆయన మొహం చూశాడు. సుశీలమ్మ మొహం చూశాడు. ప్లగ్గు తీశాడు. ఇద్దరి కనుబొమలూ విడిపోయాయి. ప్లగ్గు పెట్టాడు. ఇద్దరివీ ముడిపడ్డాయి. అంటే చప్పుడు ఉంది. మొహాల్లో కనపడుతోంది.

"కొంచెం ఉన్నట్టే ఉంది" అని నీళ్ళు నమిలాడు. ఆ తర్వాత రెండు గంటల సేపు ఆ హాల్లో అతను చేయని పని లేదు. మోటారును తాడుతో మేకుకు వేలాడదీశాడు. తొట్టి పైమూత కింద గుడ్డ ముక్కలు దూర్చాడు. ఫిల్టరు డబ్బా తీసి దూది ఉతికాడు. బల్లను గోడకు దూరంగా జరిపాడు. ఒక్కో పని అయ్యాక వాళ్ళ మొహాల్లోకి చూడడం, మొహాలు ముడిపడి ఉండడం. నిలబడ్డవాడు కూర్చుని, కూర్చున్నవాడు లేచి, తొట్టి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి, "మోటారు లోపల అయస్కాంతం చెడ్డదయ్యా, కొత్తది తేవాలె" అని, అక్కడినుంచి బయటపడ్డాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. మరియ ఎదురుగా కూర్చుని, "ఏందట పని?" అని అడిగింది. "చేపల మోటారు" అన్నాడు. "అయ్యిందా?" అంది. "ఏం, కాదనుకున్నవా?" అని ఒంటికాలి మీద లేచి, కంచం వదిలేసి బయటికి పోయాడు. మరియ ఆ కంచం మీద మూత పెట్టింది. ఈ మధ్య ఆమెకు అది అలవాటే.

గురువారం బస్సెక్కి ఖమ్మం పోయాడు. దారి పొడుగునా కిటికీ పక్క సీటుకు మారాడు, మళ్ళీ నడవ పక్కకొచ్చాడు, సత్తుపల్లి దాటాక నిలబడే ప్రయాణం చేశాడు. కండక్టరు ఏదో అడిగితే "ఖమ్మం" అన్నాడు. కండక్టరు మళ్ళీ అడిగితే మళ్ళీ "ఖమ్మం" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎందుకు నవ్వారో అడగలేదు. చేపల కొట్టతను కొత్త మోటారు పెట్టి చూపించి, "విను అన్నా, చప్పుడే లేదు" అన్నాడు. జకర్యా నిజంగా విన్నవాడిలా ఒక నిమిషం ఆగి, "అవ్, లేదు" అని మెచ్చుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. కొండ ఎక్కి దిగినంత అలసటతో బస్టాండుకు నడిచాడు.

శుక్రవారం కొత్త మోటారు బిగించాడు. పళ్ళకు పడితే అదురన్నదే లేదు. సంతోషంగా తలెత్తేసరికి వెంకటప్పయ్య పడక్కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"కొత్త మోటారుకి కూడా అదే రోగమా జకర్యా?"

"అదేనా అయ్యా?"

"అదేనా అని నన్నడుగుతావేంటి? మోటారు మార్చినా అదే చప్పుడంటే, చప్పుడు మోటారుది కాదుగా! మరి బుధవారం నుంచి నువ్వు వింటున్నదేంటి?"

ఇరవై రెండేళ్ళలో ఏ రైతూ జకర్యాను అడగని ప్రశ్న అది. వెంకటప్పయ్య కాసేపు అతన్నే పరీక్షగా చూసి, "సరే, రేపొక్కరోజు చూడు. కాకపోతే ఆదివారం ఆ సత్తుపల్లి అబ్బాయి ఎలాగూ వస్తున్నాడు. అతనికే చూపిస్తాను" అన్నాడు.

ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. సైకిలు తోసుకుంటూ నడిచాడు. ఎక్కి తొక్కాలని కూడా గుర్తు రాలేదు. దారిలో ఆగి, చింతచెట్టు మీద కాకులు నోళ్ళు తెరిచి మూస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. నాలుగు కాకులు. ఒక్కదాని అరుపూ అందలేదు. ఇక నడవడానికి చోటు లేనట్టు అనిపించింది.

శనివారం వెళ్ళేసరికి వెంకటప్పయ్య ఇంట్లో లేడు, తోటకు పోయాడు. సుశీలమ్మ హాల్లో బియ్యం చేట ముందేసుకుని రాళ్ళు ఏరుతోంది. జకర్యా తొట్టి ముందు కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు తీశాడు, జేబులో పెట్టాడు. లేచి కిటికీ దాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు. చేపలు అతని నీడను చూసి అటూ ఇటూ పరిగెత్తాయి.

"కూర్చోవయ్యా, వాటికి కూడా కంగారొస్తోంది" అంది సుశీలమ్మ.

అతను కూర్చోలేదు. ఆమె ఎదుటికొచ్చి నిలబడి, తలవంచుకుని, జీవితంలో ఎవర్నీ అడగని మాట అడిగాడు.

"అమ్మా, ఆ చప్పుడు ఎట్లుంటది?"

సుశీలమ్మ చేట మీంచి తలెత్తింది. మేస్త్రీ అడగడమేమిటని ఆమెకు వింతగా తోచింది. "ఎట్లా ఉంటుందంటే ఏం చెప్పను? సన్నగా ఈల వేసినట్టు. ఎవరో పళ్ళ సందుల్లోంచి ఆగకుండా ఊదుతున్నట్టు. ఇప్పుడు కూడా వస్తోందిగా." ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. అతని మొహం చూసింది. "నీకు వినపడట్లేదా జకర్యా?"

జకర్యా గచ్చు మీద కూర్చున్నాడు.

"లేదమ్మా."

"మొదట్నుంచీ?"

"మొదటి రోజు సంది వినపడలే. అయ్యగారు విన్నవా అంటే విన్న అన్న. ఎట్ల అనాలె లేదని? మెకానిక్కును. నా పేరే చెవి మీద ఉన్నది." చేపల వైపు చూశాడు. "అందరు గొణుగుతున్నరనుకున్నమ్మా. పాస్టరు గారి మీద గూడ కోపం చేసుకున్న."

సిగ్గు, భయం, నాలుగు రోజుల ఆకలి అన్నీ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చాయి. భుజం మీద తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సుశీలమ్మ కదిలించలేదు. అతను కళ్ళు తుడుచుకునేదాకా బియ్యం ఏరుతూ కూర్చుంది. తర్వాత చేట పక్కన పెట్టి లేచి, తొట్టి దగ్గరకొచ్చి, అతనికి తన మొహం కనపడేలా నిలబడింది.

"నువ్వు వెతుకు. నేను వింటాను. పట్టు."

జకర్యా ఒక క్షణం ఆమె వైపు అనుమానంగా చూశాడు. తర్వాత మోటారు దగ్గర ట్యూబును రెండు వేళ్ళతో నొక్కాడు.

"ఆగింది" అంది సుశీలమ్మ.

అంటే గాలి పోయే దారిలోనే ఉంది. వేళ్ళు రెండంగుళాలు కిందికి జరిపి నొక్కాడు. "ఆగింది." ఇంకో రెండంగుళాలు. "ఆగింది." ట్యూబు రెండుగా చీలే చోట చిన్న ప్లాస్టిక్ జాయింటుంది. దాన్ని దాటి ఫిల్టరు వైపు పాయను నొక్కాడు. "ఉంది. ఇంకా గట్టిగా వస్తోంది." బొమ్మ వైపు పాయను నొక్కాడు. "ఉంది." మళ్ళీ వెనక్కి, జాయింటుకు ముందు నొక్కాడు. "ఆగింది!"

జకర్యా జాయింటును మూడు వేళ్ళతో చుట్టి మూసేసి ఆమె మొహంలోకి చూశాడు. సుశీలమ్మ తలాడించింది. వేలు తడి చేసి జాయింటు మీద రాస్తే, ఒక మూల, వెంట్రుకంత పగులు దగ్గర సూది మొనంత బుడగ లేచి పగిలింది. ఇంకోటి లేచింది. అతను ఆ బుడగల్ని చాలాసేపు చూశాడు. నాలుగు రోజులు తనను ఊపిరాడనీయకుండా చేసిన చప్పుడు కంటికి ఇలా ఉంటుందన్నమాట.

సైకిలు ట్యూబు ముక్కను సన్నటి పీలికగా కోసి, పంక్చర్ సొల్యూషన్ పూసి, జాయింటు చుట్టూ బిగించి కట్టాడు. ఆరేదాకా ఆగాడు. ప్లగ్గు పెట్టాడు. బుడగలు లేచాయి. సుశీలమ్మ వింటూ నిలబడింది. మొదట కనుబొమలు విడిపోయాయి, తర్వాత భుజాలు కిందికి దిగాయి, తర్వాత పెద్దగా ఊపిరి వదిలింది. చప్పుడు పోవడాన్ని జకర్యా ఆమె ఒంట్లో చూశాడు.

"ఆయనకి నేను చెప్పను" అంది ఆమె. "చెప్పుకుంటావో, మానేస్తావో నీ ఇష్టం."

వెంకటప్పయ్య తోట నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే ఆగిపోయాడు. హాల్లోకి వచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాడు. చేపల్ని చూశాడు. మొహం విప్పారింది. "ఓరి నీ దుంప తెగ, పట్టేశావురా! ఎక్కడుందది?" అన్నాడు. జకర్యా జాయింటు చూపించాడు. అంత సన్నటి పగులు చూసి ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడు.

"నిన్న నిన్ను అనుమానించాను. ఏమీ అనుకోకు. నీ చెవి చెవే. రేపు అందరికీ చెప్పేస్తాను, పన్నెండు తోటలూ నీవే."

జకర్యా దండం పెట్టి బయటికొచ్చాడు. సైకిలు స్టాండు తీశాడు. మళ్ళీ వేశాడు. గేటు దాకా నడిచి వెనక్కి చూశాడు. పోవచ్చు. ఎవరూ ఆపడం లేదు. సుశీలమ్మ నోరు విప్పదు. కావలసింది చేతిలో పడింది, ఇక పట్టుకుని పోవడమే. కానీ ఇలా పట్టుకుని పోతే, రేపట్నుంచి పన్నెండు మంది మొహాలు చూస్తూ బతకాలి. కనుబొమలు ముడిపడ్డాయా విడిపోయాయా అని. ఈ నాలుగు రోజులకే ప్రాణం విసిగిపోయింది. ఇక తన వల్ల కాదనుకున్నాడు.

లోపలికొచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ చప్పుడు నేను వినలే. అమ్మగారు విన్నరు. నాకు చెవులు పోయినయ్."

వెంకటప్పయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "అంటే బుధవారం నుంచీ నాటకమా?"

"అవ్ అయ్యా."

"నా కళ్ళలోకి చూసి బాగా లొల్లిగా ఉందన్నావే!"

"అన్న అయ్యా. తప్పయింది. మోటార్లు మాత్రం నేను చెవుల్తోని ఎన్నడు చూడలే, పళ్ళతోనే చూసిన. పళ్ళకు పడితే ఇప్పుడు గూడ చెప్త."

"పళ్ళకు పట్టడానికి నువ్వు ముందు దాని దగ్గరికి వెళ్ళాలిగా! తోటలో నడుస్తుంటే రెండు మడుల అవతల మోటారు అరిచిందనుకో, నీకెలా తెలుస్తుంది?"

వెంకటప్పయ్య కోపంలో అన్నా అందులో న్యాయం ఉంది, అది జకర్యాకూ తెలిసింది. ఆయన కూడా కాసేపటికి తగ్గాడు. చేపల వైపు చూస్తూ, "మిగతా పదకొండు మందికీ నేను జవాబుదారీ జకర్యా. వాళ్ళకి ఆ కుర్రాణ్ణే చెప్తాను" అన్నాడు.

"మన తోటకి మాత్రం ఇతనే చూస్తాడు" అంది సుశీలమ్మ గుమ్మంలోంచి. "మోటారు అరిస్తే పోతయ్యకి చెవులున్నాయిగా. వచ్చి పిలుస్తాడు."

వెంకటప్పయ్య అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ ఇంట్లో అలాంటప్పుడు ఆమె మాటే నిలబడుతుందని జకర్యాకు తెలుసు.

మధ్యాహ్నం ఎండలో ఇంటికొచ్చాడు. పన్నెండు తోటల కోసం వెళ్ళి ఒక్క తోటతో తిరిగొచ్చినవాడు ఏడవాలో, తేలికపడాలో తెలియక దారంతా రెండూ చేశాడు. మరియ పొయ్యి ముందు కూర్చుని, ఇటు వీపు పెట్టి పులుసు కలుపుతోంది. జకర్యా గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి వెళ్ళి కూర్చుంటే మళ్ళీ లేచిపోతానేమోనని భయపడ్డాడు.

"మరియా, పదకొండు తోటలు పోయినయ్. ఒకటే మిగిలింది. నాకు చెవులు వినపడ్తలేవని అయ్యగారికి నేనే చెప్పిన." ఊపిరి పీల్చుకున్నాడు. "నీకు గూడ చెప్తున్న. వినపడ్తలేవు."

మరియ తిరగలేదు. గరిట కదులుతూనే ఉంది. ఆమె తల కొద్దిగా ఊగింది, దవడ కదిలింది. ఏదో అంది. పొయ్యితో అన్నట్టుగా అంది. జకర్యాకు ఒక్క ముక్క అందలేదు. ఇలాంటప్పుడు "అవ్" అనేసి బయటికి పోవడం అతనికి ఎన్నాళ్ళ అలవాటో. నాలుక దాకా ఆ మాట వచ్చింది, పాదం అప్పుడే గడప వైపు తిరిగింది. తిరిగిన పాదాన్ని అలాగే ఆపాడు.

"వినపడలే మరియా" అన్నాడు. "మళ్ళ చెప్పు."

గరిట ఆగింది. మరియ లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. పొగ వల్ల కాదు.

"నాకు ఎరుకై నాలుగేండ్లాయె" అంది, అతనికి పెదవులు కనపడేలా. "వెనక నుంచి పిలిస్తే పలకవ్. ఏది అడిగినా అవ్ అంటవ్, లేచి పోతవ్. ఈ ఒక్క మాట ఎప్పుడంటవా అని నాలుగేండ్ల సంది చూస్తున్న."

"ఇందాక ఏమన్నవ్?" అని అడిగాడు జకర్యా.

"కాళ్ళు కడుక్కొని రా, అన్నం తిందువు అన్న" అని మరియ గట్టిగా, పక్కింటివాళ్ళకు కూడా వినపడేటట్టు చెప్పింది.